రెండు కార్డుల్లోనూ ఇల్లే

పెళ్లయిన ఇరవై రెండేళ్లకు లక్ష్మీనర్సయ్య మొదటిసారి భార్యను బతిమాలుకున్నాడు. అయితే బతిమాలుకున్నది తన భార్యను కాదు, వేరే వాడి భార్యను.

ఆ సంగతి అతనికి తెలియడానికి నలభై నిమిషాలు పట్టింది. ఆ నలభై నిమిషాలూ కోదాడ బస్టాండులో సిమెంటు బెంచీ మీద కూర్చుని, తనంత సుఖంగా ఉన్న మగవాడు నల్లగొండ జిల్లాలోనే లేడనుకున్నాడు.

1999 ఆగస్టు. చేతిలో సెల్‌ఫోన్ ఉన్నవాణ్ని జనం ఆగి మరీ చూసే రోజులు. లక్ష్మీనర్సయ్యది సూర్యాపేట. అతని భాగస్తుడు మోతీలాల్‌ది మిర్యాలగూడ. ఇద్దరూ కలిసి చేసేది ఊక వ్యాపారం. మిర్యాలగూడ రైస్ మిల్లుల్లో గుట్టలుగా పడే వడ్ల పొట్టును ఎత్తి, కోదాడ చుట్టుపక్కల ఇటుక బట్టీలకూ మఠంపల్లి వైపు ఫ్యాక్టరీలకూ తోలుతారు.

వాళ్ల దగ్గర రెండు ఫోన్లున్నాయి. నల్లది కొత్తది, ఒకసారి చార్జింగ్ పెడితే రెండు రోజులు నిలబడుతుంది. బూడిద రంగుది సెకండ్ హ్యాండ్‌ది. దాని బ్యాటరీ ముసలి ఎద్దు లాంటిది. పొద్దున ఉషారుగా లేస్తుంది, మధ్యాహ్నానికి కూలబడుతుంది. అందుకని ఇద్దరూ ఒక పద్ధతి పెట్టుకున్నారు. ఆ రోజు ఎవరు దూరం పోతే నల్ల ఫోను వాళ్లది. ఫోను చేతులు మారినా నంబరు మారకూడదు గనక, పొద్దున్నే కోదాడలో గురవయ్య హోటల్ దగ్గర కలుసుకుని, టీ తాగుతూ రెండు ఫోన్ల వీపులూ విప్పి, సిమ్ కార్డులు తీసి అటుది ఇటు, ఇటుది అటు వేసుకుంటారు.

కార్డులు రెండూ ఒకే కంపెనీవి. కవల పిల్లల్లా ఉంటాయి. కొన్న రోజున లక్ష్మీనర్సయ్య తన కార్డు మూలకు చిన్న కుంకుమ బొట్టు పెట్టాడు. నాగలి కొన్నా, సైకిల్ కొన్నా బొట్టు పెట్టకుండా వాడటం వాళ్లింట్లో లేదు. ఆ బొట్టే ఇద్దరికీ ఆనవాలు.

ఆ రోజుల్లో పేర్లూ నంబర్లూ కార్డులోనే దాచుకునేవాళ్లు. కార్డు ఏ ఫోనులోకి పోతే అవీ ఆ ఫోనులోకి పోతాయి. లక్ష్మీనర్సయ్య కార్డులో ఇంటి నంబరుకు ‘ఇల్లు’ అని పేరు. మోతీలాల్ కార్డులోనూ ‘ఇల్లు’ అనే ఉంది. ఇద్దరిలో ఎవరికీ పెళ్లాన్ని పేరు పెట్టి పిలిచే అలవాటు లేదు. నోటితో పిలవని పేరును ఫోనులో మాత్రం ఎందుకు ఎక్కిస్తారు?

ఇక ఆ బతిమాలుకోవడం ఎందుకు వచ్చిందంటే, కూతురు రేణుక వల్ల. 

రేణుక ఇంటర్ ఫస్ట్ క్లాసులో పాసైంది. మిర్యాలగూడలో నర్సు ట్రైనింగుకు సీటు వచ్చింది. హాస్టల్లో ఉండాలి. లక్ష్మీనర్సయ్య వద్దన్నాడు. తల్లి కొమురమ్మ పంపాలంది. మాటా మాటా పెరిగింది. మర్నాటికి పిల్ల సర్టిఫికెట్లు కనిపించకుండా పోయాయి. ఎవరు తీశారో కొమురమ్మకు తెలుసు. ఎక్కడ పెట్టాడో మాత్రం తెలియదు. ఆమె అరవలేదు, ఏడవలేదు. మాట్లాడటం మానేసింది. ఆ రోజుకు తొమ్మిది రోజులు. సీటుకు గడువు కూడా ఆ రోజే, సాయంత్రం నాలుగింటి వరకు.

ఉదయం పదకొండు గంటలకు లక్ష్మీనర్సయ్య మఠంపల్లి బస్సు కోసం చూస్తూ, ఆకలేసి టిఫిన్ బాక్సు మూత తీశాడు. అన్నం మెత్తగా వండి ఉంది. పప్పు పలచగా ఉంది. మామిడికాయ తొక్కులో ముక్కలకు టెంక తీసేసి, గుజ్జు మాత్రమే పెట్టి ఉంది.

అతని చెయ్యి ఆగిపోయింది. మూడు రోజులుగా అతనికి కుడి దవడ పన్ను సలుపుతోంది. ఎవరికీ చెప్పలేదు. ఒక పక్కతో నమలడం చూసి ఆమె కనిపెట్టేసింది. మాట్లాడని మనిషి, ముఖం చూడని మనిషి, అతని పన్ను నొప్పిని చూసింది.

లక్ష్మీనర్సయ్య బాక్సు పక్కన పెట్టి, నల్ల ఫోను తీశాడు. ‘ఇల్లు’ అని ఉన్న చోట నొక్కాడు. మూడు రింగుల తర్వాత అవతల ఎత్తారు. ఏమన్నా అంటారేమో, తన ధైర్యం చెదిరిపోతుందేమో అని గబగబా మొదలుపెట్టాడు.

“నేనే. నువ్వు మాట్లాడవని ఎర్కే. ఊకె ఇను. పిల్లను పంపుదాం. దాని సర్టిఫికెట్లు యాడికి పోలే, నేనే దాచిన. అటుక మీద మా నాయిన గొంగడి మడతల ఉన్నయ్. తీస్కొని మిర్యాలగూడ పొండ్రి. నాలుగింటిదాకనే టైమున్నది. నమ్మకం లేక గాదే వద్దన్నది. అది ఇంట్ల లేకుంటే ఇల్లు ఇల్లు లెక్క ఉండదని భయమైంది. ఇగ నువ్వు… తొమ్మిది దినాలాయె నీ గొంతు ఇనక. నాకేం బాగలేదే. తిట్టేదుంటే తిట్టు గాని గిట్ల ఊకోకు. ఉంట.”

కట్ చేశాడు. నిమిషం దాటితే రెండో నిమిషానికి కూడా డబ్బులు పడతాయి. అవతల నుంచి ఊపిరి తప్ప ఏమీ వినిపించలేదు. తొమ్మిది రోజులుగా ఇంట్లో అతను విన్నది కూడా అదే గనక, అనుమానం రాలేదు.

బాక్సు ఖాళీ చేశాడు. చెయ్యి కడుక్కున్నాడు. బస్సు రాకపోయినా విసుగు రాలేదు.

పదకొండూ నలభైకి ఫోను మోగింది.

“ఏమయ్యా మోతీలాల్, ఊక ఎత్తుతవా, లేకపోతే ఇంకొకరికి చెప్పుకోవాల్నా? మిల్లుల జాగ లేదు!”

“నేను మోతీలాల్ గాదు, లక్ష్మీనర్సయ్యను.”

“మోతీలాల్ నంబరుకే జేసిన గదా!”

లక్ష్మీనర్సయ్య కట్ చేశాడు. ఫోను వీపు విప్పి కార్డు తీశాడు. మూల మీద ఎర్రటి బొట్టు ఉంది. కానీ మరీ ఎర్రగా, కొత్తగా, బొటనవేలి ముద్రలా ఉంది. అప్పుడు గుర్తొచ్చింది. పొద్దున హోటల్లో ఉక్కపోతకు నుదుటి చెమట బొటనవేలితో తుడుచుకున్నాడు. నుదుటి కుంకుమ వేలికి అంటింది. అదే వేలితో కార్డు పట్టుకున్నాడు. తన కార్డు మీది పాత బొట్టు రోజూ తీసి వేసీ ఈ మధ్యే అరిగిపోయి ఉంటుంది. కొత్త బొట్టు మోతీలాల్ కార్డుకు పడింది.

అంటే తన గొంతు పోయింది సూర్యాపేటకు కాదు. మిర్యాలగూడకు. మోతీలాల్ భార్య పుష్పాబాయి చెవిలోకి.

సిగ్గు తర్వాత పడొచ్చు. నాలుగ్గంటల్లో పిల్ల సీటు పోతుంది. కార్డు మళ్లీ పెట్టి ‘ఇల్లు’ నొక్కాడు, ఈసారి ఎవరిల్లో తెలిసే. రింగవుతోంది గాని ఎవరూ ఎత్తడం లేదు. సొంతింటి నంబరు వేళ్లతో కొట్టాడు. రింగు కూడా లేదు, బావిలో రాయి వేసినట్టు నిశ్శబ్దం. రెండోసారి, మూడోసారి కూడా అంతే. మఠంపల్లి బస్సు వచ్చి, నిలబడి, అతను లేకుండానే పోయింది.

ఇక మిగిలింది ఒకటే నంబరు. తన నంబరుకు తనే ఫోను చేశాడు.

“హలో?” మోతీలాల్ గొంతు కంగారుగా ఉంది. “ఎవరు? నా నంబరు నుంచి నాకే ఫోనొస్తున్నదేంది?”

“నేను రా మోతీ. కార్డులు తారుమారైనయ్. నువ్వేడున్నా జీపు తీస్కొని బస్టాండుకు రా.”

“ఏమైందన్నా?”

“వస్తే చెప్త. ఫోన్ల చెప్పే ముచ్చట గాదు. ఫోన్ల చెప్పే గిట్లయింది.”

ఆ మాటతో బూడిద రంగు ఫోను కుయ్యిమని చచ్చిపోయింది.

పన్నెండుంపావుకు జీపు వచ్చింది. మోతీలాల్ నలభై ఏళ్ల మనిషి, ఎప్పుడూ నవ్వు ముఖం. జీపు హైవే ఎక్కి సూర్యాపేట వైపు దూకింది. లక్ష్మీనర్సయ్య జరిగింది చెప్పాడు, కొంత మింగి.

“అయితే మా ఆమెకు ఏం చెప్పినవన్నా?”

“సర్టిఫికెట్లు గొంగట్ల ఉన్నయని.”

“అంతేనా?”

“అంతే.”

“అంతకే నీ చెవులు గట్ల ఎర్రగైనయా?”

లక్ష్మీనర్సయ్య కిటికీలోంచి పొలాల్ని చూశాడు. “నీ గొంతు ఇనక నాకు బాగలేదన్న.”

జీపు రోడ్డు మీద ఒకసారి పాములా వంకర తిరిగింది. “నా పెండ్లాముకా!”

“నా పెండ్లాముకు రా! నీ పెండ్లాము ఇన్నది.”

మోతీలాల్ జీపును మళ్లీ దారిలో పెట్టాడు. తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. నవ్వీ నవ్వీ కళ్లు తుడుచుకున్నాడు. ఉన్నట్టుండి నవ్వు ఆపి, “నవ్వేది గాదన్నా ఇది,” అన్నాడు. “నా పెండ్లయి పద్నాలుగేండ్లు. గసొంటి మాట నేనొక్కటి అనలే. ఇయాల ఇంటికి పోతే నాకున్నది.”

“నీ గోల తర్వాత. ఆమెకు నా గొంతు గుర్తుంటదా?”

“ఏమో. రెండుసార్లు కలిసినవ్. మా ఇద్దరు మొగపిలగాండ్లే గద, ‘పిల్ల’ అన్నవంటే మా ఇంటి ముచ్చట గాదని తెలుస్తది. ఊకోదు మా ఆమె. ఊకునే మనిషైతే నాకు గీ తిప్పలెందుకు?”

ఊరు దాటగానే ఫోనులో సిగ్నల్ పోయింది. టవర్లు ఊళ్లల్లోనే. మధ్యలో నలభై కిలోమీటర్లు ఆ వస్తువు వట్టి డబ్బా.

ఒంటిగంటా ఇరవైకి సూర్యాపేటలో ఇంటి వీధిలోకి తిరిగారు. జీపు మధ్యలోనే ఆగింది. మురికి కాలువ కోసం వీధి పొడవునా తవ్వేసి ఉంది. మట్టి గుట్ట మీద నల్లటి టెలిఫోన్ కేబుల్ తెగి, తల లేని పాములా పడి ఉంది. పొద్దున తొమ్మిదింటికే తెగిందట. అంటే తన కార్డు తన ఫోనులోనే ఉన్నా, తన మాట ఈ ఇంటికి చేరేది కాదు.

ఇంటికి తాళం వేసి ఉంది.

పక్కింటి రాధమ్మ అరుగు మీద కూర్చుని బియ్యంలో రాళ్లు ఏరుతోంది. లక్ష్మీనర్సయ్యను చూడగానే చాట పక్కన పెట్టింది.

“ఇప్పుడొస్తివా నర్సయ్యా! పన్నెండుంపావుకు ఎవరో లంబాడామె వచ్చింది. మిర్యాలగూడ బస్సు దిగి ‘ఊక లక్ష్మీనర్సయ్య ఇల్లేది, ఊక లక్ష్మీనర్సయ్య ఇల్లేది’ అని ఊరంత అడుక్కుంట ఉరికొచ్చింది. చెమటతోని తడిసి ముద్దైంది పాపం. ఇంట్లకు పోయి ఏం చెప్పిందో, నీ పెండ్లాం నిచ్చెనేసి అటుకెక్కింది.”

“గొంగడి ఇప్పిందా?”

“ఇప్పకేం చేస్తది? ముందుగాల మీ నాయినకు దండం పెట్టి, ‘మామా, తప్పు నాది గాదు, నీ కొడుకుది’ అన్నది. గా గొంగడి పెద్దలకు పెట్టుకునే దినం తప్ప ఎవ్వరు ముట్టరని ఎరికుండి దాంట్ల పెడ్తివా? ఎంత తెలివయ్యా నీది! ఇగ కాయిదాలు చేతికొచ్చినంక నిన్ను తిట్టిన తిట్టు తిట్టకుండ తిట్టింది.”

“నన్ను తిట్టిందా?” లక్ష్మీనర్సయ్య ముఖం దీపం పెట్టినట్టు వెలిగింది. “నోరు తెరిచి తిట్టిందా?”

“వీధంత ఇన్నది.”

మోతీలాల్ తొందరపెట్టాడు. “ఇప్పుడు యాడికి పోయిండ్రు పెద్దమ్మా?”

రాధమ్మ ముఖం ముడుచుకుంది. “గదే తెల్వదు కొడుకా. ఆటో ఎక్కే ముందర రేణుక ఫారం సదివింది. తండ్రి బతికుంటే తండ్రే వచ్చి, గాడ పెద్ద మేడం ముందర సంతకం పెట్టాల్నట. తల్లిది చెల్లదట. గా లంబాడామె కోదాడ పోయి నిన్ను పట్టుకుందామన్నది. కొమురమ్మ మిర్యాలగూడనే పోదాం, కాళ్లు పట్టుకోనన్నా గడువడుగుదాం అన్నది. కొట్లాడుకుంటనే ఎక్కిండ్రు.”

బస్టాండులో వెతికారు. ముగ్గురూ లేరు. పన్నెండూ నలభైకి కోదాడ బస్సూ పోయింది, మిర్యాలగూడ బస్సూ పోయింది. దారిలో తమకు ఎదురైన బస్సుల్లో ఒకదాంట్లో వాళ్లున్నా ఉండొచ్చు. కోదాడకు పోతే నలభై అయిదు కిలోమీటర్లు తూర్పుకు. మిర్యాలగూడకు పోతే అంతే దూరం దక్షిణానికి. సంతకం పెట్టాల్సిన ఫారం వాళ్ల దగ్గరే ఉంది. తప్పు దారి పట్టారంటే నాలుగింటికి ఫారంతో మేడం ముందుకు చేరలేరు.

“ఫోన్ చేస్తరు,” అన్నాడు లక్ష్మీనర్సయ్య. “యాడ దిగినా ఎస్టీడీ బూతు కనవడ్తది. ఫోన్ చేస్తరు. మనం ఊరు దాటొద్దు. దాటితే సిగ్నల్ పోతది.”

చౌరస్తాలో వేపచెట్టు కింద జీపు ఆపారు. అప్పుడు వచ్చింది అసలు చిక్కు. బూడిద రంగు ఫోను చచ్చింది. బతికున్నది నల్లది ఒక్కటే. కార్డులు రెండు. ఫోనుకు ఒకసారి ఒక్క కార్డే పడుతుంది.

“నాది ఎయ్,” అన్నాడు లక్ష్మీనర్సయ్య. “మా ఇంట్ల క్యాలెండర్ మీద నా నంబరు రాసున్నది. కొమురమ్మ నాకే చేస్తది.”

“వదిన తొమ్మిది దినాల సంది నీతోని మాట్లాడ్తలేదన్నా. నీకు ఫోన్ చేస్తదా? ఫోన్ చేసేది మా ఆమె. ఆమెకు నా నంబరొక్కటే నోటికొస్తది. నాది ఎయ్యాలె.”

“బిడ్డ ఎవరి బిడ్డ రా? నా బిడ్డ. నా సంతకం. నా నంబరుకే చేస్తరు.”

మోతీలాల్ వాదించలేదు. కార్డు మార్చాడు. లక్ష్మీనర్సయ్య ఫోనును రెండు చేతుల మధ్య పెట్టుకుని, పొదిగే కోడిలా కూర్చున్నాడు.

ఒకటీ నలభై. ఒకటీ యాభై. లారీలు పోతున్నాయి. బత్తాయి బండివాడు వచ్చి, ఫోను వంక చూసి, “సార్, గది మోగుతదా?” అని అడిగి తిట్టు తిని పోయాడు. రెండు. రెండూ పది. ఫోను మోగలేదు.

లక్ష్మీనర్సయ్య ఫోను వీపు సగం విప్పి మళ్లీ మూశాడు. తన కార్డు తీసేస్తే, తీసిన మరుక్షణమే కొమురమ్మ చేస్తుందేమో. తీయకపోతే, ఈ పాటికే పుష్పాబాయి ఎక్కడో బూతులో నిలబడి మొగుడి నంబరు కొడుతోందేమో. తన మొండితనంతో పోయిన తొమ్మిది రోజులు పోయాయి. ఇప్పుడు చేతిలో ఉన్నవి గంటా యాభై నిమిషాలు.

“మోతీ,” అన్నాడు చివరికి. “బస్సెక్కి వచ్చి ఊరంత అడుక్కుంట తిరిగింది ఎవరు? మీ ఆమె. నా మాట మోసుకొచ్చింది ఆమె. నీది ఎయ్.”

తన చేత్తోనే తన కార్డు తీసి జేబులో వేసుకున్నాడు. మోతీలాల్ కార్డు పెట్టాడు. ఫోనులో సిగ్నల్ గీతలు ఒకటొకటిగా నిలబడ్డాయి.

నిమిషంలో మోగింది. ఇద్దరూ ఎగిరిపడ్డారు.

“మోతీలాల్! ఊక సంగతేం చేసినవయ్యా?”

“నీ మిల్లు కాలిపోను, సాయంత్రం చెయ్యి!” అని లక్ష్మీనర్సయ్యే అరిచి కట్ చేశాడు.

మళ్లీ మోగింది. తిట్టడానికి నోరు తెరిచాడు.

“ఏడున్నవ్?”

కొమురమ్మ గొంతు. లక్ష్మీనర్సయ్యకు ఆ నోరు అట్లాగే తెరుచుకుని ఉండిపోయింది.

“ఓ మనిషీ! ఇనవడ్తున్నదా? బూతుల మీటర్ గిర్రున తిరుగుతున్నది, మాట్లాడు! ఇంతకుముందు రెండుసార్లు చేస్తే బంద్ అని వచ్చింది.”

“సూర్యాపేటల ఉన్న. నువ్వు? నువ్వేడున్నవ్?”

“మిర్యాలగూడల, ట్రైనింగు కాలేజీ ముందట బూతుల. మేడం నీ సంతకం కావాలన్నది. నాలుగింటికి తలుపులేస్తదట. గీ తండ్రికి ఇష్టం లేదా అని అడిగింది.”

“ఏం చెప్పినవ్?”

“ఇష్టమే గాని జర ఆలస్యంగ అయితదని చెప్పిన.”

లక్ష్మీనర్సయ్య గొంతు సవరించుకున్నాడు. “వస్తున్న. అవునే, నా నంబరుకు ఎందుకు చెయ్యలే?”

“నీ మాట పుష్ప ఇంటికి వచ్చిందంటే నీ చేతుల ఉన్నది మోతీలాల్ కార్డే గద? నీకు చెయ్యాల్నంటే మోతీలాల్ నంబరుకే చెయ్యాలె. పుష్ప బస్సు ఎక్కకముందే గిది సమజ్ చేసుకున్నది. మీ ఇద్దరు గూడ సమజ్ చేసుకొని ఉంటరనుకున్నం.”

లక్ష్మీనర్సయ్య, మోతీలాల్ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. ఆ ముక్క ఇద్దరిలో ఒక్కడికీ తట్టలేదు.

జీపు దక్షిణం వైపు తిరిగింది. పది కిలోమీటర్లు పోయాక వాన మొదలైంది. వైపర్ ఒకటే పనిచేస్తుంది, అదీ లక్ష్మీనర్సయ్య వైపుది. అతను రోడ్డు చూసి చెబుతుంటే మోతీలాల్ నడిపాడు. “బర్రె… ఎడమకు… గుంత… మళ్ల బర్రె…” మూడూ ఇరవై అయిదుకు మిర్యాలగూడ పొలిమేరలో మిల్లుల పొగగొట్టాలు కనిపించాయి. మూడున్నరకు రైలు గేటు కనిపించింది. పడి ఉంది.

ముందు పాతిక బియ్యం లారీలు. గూడ్సు బండి తాబేలులా వస్తోంది, ఒక్కొక్క డబ్బా లెక్కపెట్టుకోమన్నట్టు. అది దాటిపోయేసరికి మూడూ నలభై. లారీలు కదిలి జీపుకు దారి దొరకడానికి ఇంకో పావుగంట పడుతుంది.

“ఎంత దూరం?”

“కిలోమీటరు. అంబేద్కర్ బొమ్మ దాటినంక కుడి చెయ్యి. నీలం గేటు.”

లక్ష్మీనర్సయ్య దిగి పరుగెత్తాడు. నలభై ఆరేళ్ల వయసు, బొజ్జ, వానకు తడిసిన ధోవతి. రెండు చేతులా ధోవతి ఎత్తి పట్టుకుని లారీల మధ్య నుంచి, పట్టాల మీద నుంచి, మిల్లుల ముందు నుంచి పరుగెత్తాడు. ఊక లక్ష్మీనర్సయ్యను ఎరిగిన మిల్లు హమాలీలు “సేట్, ఏడ కాలింది?” అని కేకలేశారు. చెప్పు ఒకటి బురదలో ఉండిపోయింది. దాని కోసం ఆగలేదు.

నీలం గేటు లోపల వరండాలో రేణుక నిలబడి ఉంది, ఫారం గుండెకు అదుముకుని. తండ్రిని చూసి ఒక్క అడుగు ముందుకు వేసి ఆగింది. ఈ మనిషి సంతకం పెట్టడానికి వచ్చాడో, ఇంటికి లాక్కుపోవడానికి వచ్చాడో ఇంకా నమ్మకం కుదరలేదు ఆ పిల్లకు.

“నాయినా…”

“పెన్నున్నదా బిడ్డా?” అన్నాడు లక్ష్మీనర్సయ్య, ఊపిరాడక స్తంభం పట్టుకుని.

లోపల పెద్ద మేడం అద్దాల మీద నుంచి చూసింది. ఒక కాలికే చెప్పు, తల నుంచి నీళ్లు, నుదుట కుంకుమ ముక్కు దాకా కారి ఉంది. “మీరేనా తండ్రి? మీకు ఇష్టమేనా? రేపు వచ్చి గొడవ చెయ్యరు కదా?”

“ఇష్టమే మేడం.”

“మూడేళ్లు హాస్టల్లో ఉంటుంది. నైట్ డ్యూటీలు ఉంటాయి.”

“ఉంటది మేడం. మా పిల్ల ధైర్యంగలది. భయం నాకే.”

ఫారం తడవకుండా రేణుక తన ఓణీ కొంగుతో తండ్రి చేతులు తుడిచింది. ఒక్కొక్క వేలూ, చిన్నపిల్లాడికి తుడిచినట్టు. అతను తెలుగులో పూర్తి పేరు, ఒక్క అక్షరం మింగకుండా రాశాడు. మేడం గడియారం చూసి, ముద్ర కొట్టింది. మూడూ యాభై ఆరు.

బయటికి వచ్చేసరికి వాన ఆగింది. మెట్ల మీద కొమురమ్మ, పుష్పాబాయి పక్కపక్కన కూర్చుని ఒకే పొట్లంలోంచి పల్లీలు తింటున్నారు. పొద్దుటిదాకా ఒకరి పేరు ఒకరికి సరిగా తెలియని ఆడవాళ్లు. పుష్పాబాయి లేచి నిలబడింది.

“రామ్ రామ్ అన్నా.”

లక్ష్మీనర్సయ్య తన కాళ్ల వంక చూసుకున్నాడు. “అమ్మా, నీ మేలు…”

“నాదేం లేదు. కాయిదాలు యాడున్నయో చెప్పిన, ఎన్నింటిదాక టైమో చెప్పిన. గంతే చెప్పిన.” ఆమె పెదవుల చివర నవ్వు ఆపుకుంటోంది. “మిగిలింది చెప్పలే.”

కొమురమ్మ తలెత్తింది. “మిగిలిందంటే?”

“అది నాది గాదు వదినా, తప్పి వచ్చింది. ఎవరిదో వాళ్లనే అడుగు.”

అప్పుడే జీపు గేటు ముందు ఆగింది. దిగబోతున్న మోతీలాల్‌ను చూడగానే పుష్పాబాయి ముఖంలో నవ్వు పోయింది. “నువ్వు రా గీ దిక్కు. నీతోని మాట్లాడేదున్నది. పద్నాలుగేండ్లది ఉన్నది.” రేణుక చెయ్యి కూడా పట్టుకుని క్యాంటీన్ వైపు నడిచింది. మోతీలాల్ వెనక్కి తిరిగి, ‘చూసినవా’ అన్నట్టు లక్ష్మీనర్సయ్య వంక చూసి, తల వంచుకుని వెంట పోయాడు.

మెట్ల మీద మొగుడూ పెళ్లామూ మిగిలారు.

“ఏంది మిగిలింది?” అంది కొమురమ్మ.

“ఏం లేదు.”

“ఏం లేకుంటే మంచిదే. తొమ్మిది దినాలు ఊకున్న. ఇంకో తొమ్మిది ఊకోవస్తది నాకు.”

లక్ష్మీనర్సయ్య ఆమె పక్కన, ఒక మెట్టు కింద కూర్చున్నాడు. అటూ ఇటూ చూశాడు. ఫోనులో అయితే ముఖం కనపడదు, నిమిషం కాగానే కట్ చేసి బతికిపోవచ్చు. ఇక్కడ ఆమె పక్కనే ఉంది, పల్లీ పొట్టు ఊదుకుంటూ, ఎంతసేపైనా ఆగుతానన్నట్టు. అతను ధోవతి అంచు పిండుతూ, నేలను చూస్తూ, పొద్దున చెప్పిన మాటలే ఒక్కొక్కటీ చెప్పాడు. పొద్దున గబగబా వచ్చిన మాటలు ఇప్పుడు రైలు గేటు దగ్గర లారీల్లా ఆగి ఆగి కదిలాయి. చివరి మాట దాదాపు గాలిలో కలిసిపోయింది.

కొమురమ్మ గేటు వైపే చూస్తోంది. పొట్లం మడిచింది. విప్పింది. మళ్లీ మడిచింది.

“లారీ సప్పుడుల ఇనవడలే,” అంది. “మళ్ల చెప్పు.”

రోడ్డు మీద లారీ ఏదీ లేదు. లక్ష్మీనర్సయ్య ఆ సంగతి చూశాడు. గొంతు సవరించుకుని, ఈసారి కొంచెం గట్టిగా, మొదటి నుంచి మొదలుపెట్టాడు. పైన కిటికీలోంచి ఎవరో ఆడపిల్లలు కిసుక్కున నవ్వారు. అయినా అతను ఆపలేదు.